జార్జ్‌టౌన్‌లో వందేళ్ళ షాప్‌హౌస్ లీజుకి దొరుకుతోంది: కచేరీలకి, హరికథలకి పనికొస్తుందా?

గోదారి_గట్టు (పెనాంగ్)
అందరికీ నమస్కారం. మలేసియాలో పెనాంగ్ జార్జ్‌టౌన్‌లో, లిటిల్ ఇండియాకి దగ్గర్లో ఒక పాత రెండంతస్తుల షాప్‌హౌస్ (కింద దుకాణం, పైన కాపురం ఉండే ఇల్లు) మాకు లీజుకి ఇస్తామంటున్నారు. మేమంటే తెలుగువాళ్ళం కొందరం, తమిళ మిత్రులు, ఒక చైనీస్ వయొలిన్ టీచరు, ఇద్దరు మలయ్ నాటకాలవాళ్ళు. ఇన్నాళ్ళూ స్కూలు హాళ్ళు అద్దెకి తీసుకుని కార్యక్రమాలు చేశాం. సొంత చోటు ఉంటే నెలకి రెండు మూడు కచేరీలు, హరికథ, పుస్తక పఠనం, అప్పుడప్పుడూ నాట్యం పెట్టుకోవాలని ఆశ.

ఇంటి సంగతి: వెడల్పు 5.2 మీటర్లు, లోతు దాదాపు 25 మీటర్లు. కింద ఒకప్పుడు మసాలా దినుసుల గోడౌను, పైన కాపురం. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. నడిమధ్య గాలికీ వెలుతురుకీ వదిలిన బావి లాంటి ఖాళీ ఉంది, మన మండువా ఇంట్లో ఉన్నట్టే. పాత అద్దెదారు దాని మీద ప్లాస్టిక్ రేకు వేయించాడు. గోడలకి కింద నడుం ఎత్తు వరకూ సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాడు. ఇప్పుడు దానికి పైనున్న గార ఉబ్బి రాలిపోతోంది, తెల్లగా ఉప్పు పేరుకుంది. పై అంతస్తు చెక్క నేల నడిస్తే కిర్రుమంటుంది. పైకప్పు పెంకులు చాలా చోట్ల పగిలాయి.

ఓనర్లు మూడేళ్ళ లీజు అంటున్నారు. పై ముందు గదిలో 60 మందిని కూర్చోబెట్టి, జులై 7న మొదటి కచేరీ చేద్దామని మావాళ్ళ ఉత్సాహం. ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

డంగుసున్నం (కర్నూలు)
అన్నా, ముందు ఆ సిమెంటు పీకించు. నీ జబ్బంతా దాని దగ్గరే ఉంది.

ఆ కాలం ఇళ్ళకి అడుగున తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కుతుంది, సున్నపు గారలోంచి ఆవిరై పోతుంది. అట్లా నూరేళ్ళు బతికింది ఆ గోడ. మధ్యలో ఎవరో వచ్చి సిమెంటు పూస్తే ఆవిరి పోయే దారి మూసుకుపోయి, చెమ్మ సిమెంటు దాటి పైకి ఎక్కుతుంది. సముద్రం పక్క ఊరు కాబట్టి నీళ్ళతో పాటు ఉప్పు కూడా వస్తుంది. నీళ్ళు ఆరినాక ఉప్పు గడ్డకట్టి గారను లోపల్నుంచి తోసేస్తుంది. నువ్వు చెప్పిన తెలుపు అదే.

పీకేటప్పుడు మిషన్ పెట్టొద్దు, ఉలి సుత్తి చాలు. మిషన్ పెడితే సిమెంటుతో పాటు ఇటుక ముఖం ఊడొస్తుంది. పీకినాక ఆరనియ్యాల. ఇంచీ మందానికి నెల అని పనివాళ్ళ వాడుక లెక్క. తొమ్మిదించుల గోడకి ఎన్ని నెలలో నువ్వే వేసుకో. మీ దగ్గర గాలిలోనే తేమ, ఇంకా ఆలస్యమైతాది. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తిపారెయ్యి, కడగొద్దు. కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది.

జులై 7 అన్నావు, ఏ ఏడాది జులై?

గోదారి_గట్టు
ఈ ఏడాదే అనుకున్నాం అన్నా. ఇప్పుడు టెన్షన్ మొదలైంది. 2008లో అదే రోజున జార్జ్‌టౌన్‌కి, మలక్కాకి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఏటా ఆ వారం ఊరంతా ఉత్సవం, జనం తిరుగుతుంటారు. అందుకని ఆ తేదీ.

నీలిగీత (సింగపూర్)
నేను ఆర్కిటెక్ట్‌ని, ఇక్కడా మలేసియాలోనూ పాత ఇళ్ళ మీద పనిచేశాను. గార కంటే ముందు కాగితాల సంగతి చూడండి.

మొదటిది, మీ ఇల్లు వారసత్వ హద్దుల లోపల ఉంటే, కట్టడం విలువని బట్టి పెట్టిన ఒకటో కేటగిరీలో ఉందా, రెండో కేటగిరీలోనా కనుక్కోండి. షాప్‌హౌస్‌లలో ఎక్కువ భాగం రెండో కేటగిరీనే. ముందు ముఖం, పైకప్పు ఆకారం, గాలిబావి, మెట్లు ఇష్టం వచ్చినట్టు మార్చడానికి ఉండదు. 2016లో గెజెట్ అయిన ప్రత్యేక ప్రాంత ప్రణాళికలో ఇవన్నీ వివరంగా ఉన్నాయి. ఇక రెండో సంగతి, గోడౌనుగా ఉన్నదాన్ని జనం కూడే చోటుగా మార్చడానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి. మూడోది బొంబా, అంటే అగ్నిమాపక శాఖ. మీ పథకం ఆగిపోయేది చాలావరకు అక్కడే. పైన 60 మంది, దిగడానికి ఒకటే చెక్క మెట్లు అంటే ఎవరూ సంతకం పెట్టరు. వెనక సందులోకి తలుపు ఉందా? ఆ తలుపు నిజంగా తెరుచుకుంటుందా, అవతల ఎవరైనా సామాను పెట్టారా?

ఇక్కడ సింగపూర్‌లో 1989లో మొదటిసారి చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్ లాంటి చోట్లని సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. వీలైనంత ఉంచు, నొప్పించకుండా పునరుద్ధరించు, జాగ్రత్తగా మరమ్మతు చెయ్యి అన్నది వాళ్ళ సూత్రం. లిటిల్ ఇండియా కెర్బావ్ రోడ్డులో కొన్ని షాప్‌హౌస్‌లని ప్రభుత్వమే కళాబృందాలకి కేటాయించింది. నీల్ రోడ్డులో బాబా హౌస్ ఉంది, 1890ల నాటి ఇల్లు, యూనివర్సిటీ చేతిలో ఉంది. లోపలికి చిన్న చిన్న గుంపులుగానే పంపిస్తారు. అంత డబ్బు, అంత నైపుణ్యం ఉన్నవాళ్ళే ఆ ఇంట్లోకి జనాన్ని లెక్కపెట్టి పంపుతున్నారు, గమనించండి.

మూడేళ్ళ లీజుకి మాత్రం ఒప్పుకోవద్దు. మొదటి ఏడాది మరమ్మతులకే పోతుంది. మిగిలిన రెండేళ్ళలో మీరు బాగుచేసిన ఇంటికి అద్దె పెంచి కాఫీ షాపుకి ఇస్తారు.

ఎదురుగాలి (కౌలాలంపూర్)
ఆఖరి మాట బాగా చెప్పారు. నాకు అసలు ఈ మొత్తం వ్యవహారం మీదే అనుమానం.

జార్జ్‌టౌన్ ఎలా ఖాళీ అయిందో ఇక్కడ ఎవరైనా మాట్లాడతారా? 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల పాత ఇళ్ళల్లో దర్జీలు, తాళాలు చేసేవాళ్ళు, అగరొత్తులు చుట్టేవాళ్ళు తక్కువ అద్దెకి తరాలుగా బతికారు. 1997లో ఆ చట్టాన్ని రద్దు చేశారు, 2000 మొదలయ్యేసరికి పూర్తిగా ఎత్తేశారు. అద్దెలు ఒక్కసారిగా పెరిగి వాళ్ళంతా ఊరి అంచులకి వెళ్ళిపోయారు. ఖాళీ ఇళ్ళల్లో కొన్నింట్లో గూళ్ళ కోసం పిచ్చుక లాంటి పక్షుల్ని పెంచారు, ఆ గూళ్ళతో సూప్ చేస్తారు కదా. ఆ తర్వాత హోటళ్ళు, కఫేలు వచ్చాయి. ఇప్పుడు 'సాంస్కృతిక వేదిక' అంటున్నారు. ఆ వీధిలో మిగిలిన నాలుగు కుటుంబాలకి మీ హరికథ వల్ల ఒరిగేదేమిటి? రాత్రి పదింటికి మైకు మోత తప్ప.

బాగన్_దాతో_పిన్ని (పెనాంగ్)
ఎదురుగాలి బాబూ, కోపం అర్థమైంది గానీ, ఆ వీధిలో ఉండే మనుషుల్లో మేమూ ఉన్నాం కదా.

మా తాతగారు విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి పెరాక్‌లో కొబ్బరి తోటలకి వచ్చారు. తోటలో చెక్క వేదిక మీద రామనాటకం ఆడేవారు, నేను చిన్నప్పుడు చూశాను. తోటలు పోయాక పిల్లలంతా పట్టణాలకి వచ్చేశారు, నాటకం మాత్రం ఎవరితోనూ రాలేదు. ఇప్పుడు ఉగాదికి ఏ స్కూలు హాలో తీసుకుంటాం, గంట కొట్టినట్టు తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పేస్తారు.

ఆ ఇంటికి నాలుగడుగుల్లో మహామారియమ్మన్ గుడి, ఇంకాస్త అవతల కపితాన్ కెలింగ్ మసీదు, అదే రోడ్డులో చైనావాళ్ళ గుడి. ఆ వీధిలో ఒకరి చప్పుడుకి ఇంకొకరు అలవాటుపడే ఉన్నారు, కానీ ఒక పద్ధతి ఉంది. అజాన్ వేళకి మీ మైకు ఆగాలి. శుక్రవారం మధ్యాహ్నం ఏమీ పెట్టుకోవద్దు. మొదటి వారమే రెండు పక్కల ఇళ్ళకీ స్వయంగా వెళ్ళి మొహం చూపించి రండి. చేతిలో లడ్డూలు ఉంటే మంచిది. వాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళు ఎన్నింటికి పడుకుంటారో అడగండి, దాన్ని బట్టి టైము పెట్టుకోండి.

ఇంకోటి, ఇంటి ముందు ఆ నడవా మీద చెప్పుల కుప్ప పెట్టొద్దు. అది నడిచేవాళ్ళది.

నీలిగీత
పిన్ని చెప్పిన నడవా సంగతి చట్టం కూడా చెబుతుంది. ఐదడుగుల నడవా అనేది 1822లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ సింగపూర్ పట్టణ ప్రణాళికలో పెట్టిన నియమం. ఎండావానల్లో జనం నడవడానికి ప్రతి ఇంటి ముందూ కప్పు ఉన్న దారి వదలాలని. తర్వాత పెనాంగ్‌తో సహా మలయా పట్టణాలన్నిటికీ పాకింది. టికెట్ల బల్ల, చెప్పుల స్టాండు అన్నీ గడప లోపలే.

దూలం_లెక్క (విజయవాడ)
నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. పై గదిలో 60 మంది అన్న దగ్గర ఆగిపోయాను. ఆ గది పొడవెంత? దూలాల కొలతలు, ఎడం, కర్ర ఏదో చెప్పండి.

గోదారి_గట్టు
ముందు గది 8 మీటర్ల పొడవు. దూలాలు ఉమ్మడి గోడ నుంచి ఉమ్మడి గోడకి ఉన్నాయి. 75 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. లోతు, ఎడం 450 మి.మీ. కర్ర చెంగల్ అని వడ్రంగి చెప్పాడు. ఇక్కడ అదే రాజు, చెద త్వరగా ముట్టదట.

నేనూ ఒక లెక్క వేశాను. మనిషికి 65 కిలోల చొప్పున 60 మంది అంటే 3900 కిలోలు. గది 41.6 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకి 94 కిలోలే. కాపురానికి కట్టిన ఇల్లే 200 మోస్తుంది కదా? సగం కూడా లేదు!

దూలం_లెక్క
ఈ లెక్క అందరూ వేస్తారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

జనం పేకముక్కలు పరిచినట్టు సమంగా కూర్చోరు. కచేరీ అయిపోగానే అందరూ మెట్ల దగ్గర గుమిగూడతారు. కింద వీధిలో ఊరేగింపు వస్తే కిటికీల వైపు పరిగెత్తుతారు. ఒక చదరపు మీటరులో నలుగురైదుగురు నిలబడితే 300 కిలోలు దాటింది. అందుకే కట్టడాల మీద బరువులకి మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం కుర్చీలు బిగించని సభాస్థలికి చదరపు మీటరుకి 5 కిలోన్యూటన్లు, సుమారు 500 కిలోలు తీసుకుంటాం. కాపురపు గదికి 2 మాత్రమే. మలేసియా నియమాలు కూడా ఇదే తీరులో ఉంటాయి.

మీ కొలతలతో వేశాను. 5 మీటర్ల పరిధికి, పూర్తి బరువు పడితే చెంగల్ విరగకపోవచ్చు, బలమైన కర్రే. కానీ మధ్యలో 20 మి.మీ. పైన కిందికి వంగుతుంది. సాధారణంగా ఒప్పుకునేది 14 మి.మీ. దరిదాపు. పైగా ఇది కర్ర బాగుందనుకుని వేసిన లెక్క. దూలం చివరలు గోడలో ఎక్కడ కూర్చున్నాయో అక్కడే చెమ్మ ఉంటుంది, అక్కడే పుచ్చుతుంది. స్క్రూడ్రైవరుతో ప్రతి చివరా పొడిచి చూడండి, మెత్తగా దిగితే అది పోయినట్టే. ఇక నాట్యం అంటే అందరి పాదాలూ ఒకే తాళానికి పడతాయి, ఆ ఊపు వేరే బరువు.

నా సలహా: కార్యక్రమాలు కింద, పైన లైబ్రరీ, సాధన గది. ఒకసారికి పదిహేను మంది. ఇది దూరం నుంచి వేసిన లెక్క మాత్రమే. అక్కడి లైసెన్సు ఉన్న ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి.

డంగుసున్నం
లైబ్రరీ అంటే పుస్తకాల బరువు తక్కువనుకుంటున్నావా సారూ?

దూలం_లెక్క
మంచి ప్రశ్న. బీరువాలు గోడ వారగా, దూలాల చివరల మీద పడేలా పెట్టాలి. నడిమధ్య వద్దు.

తనియావర్తనం (చెన్నై)
మృదంగం వాయిస్తాను, ఇలాంటి ఇరుకు హాళ్ళలో చాలాసార్లు వాయించాను. రెండు గోడలూ 5 మీటర్ల దూరంలో ఎదురెదురుగా నున్నగా ఉంటే చప్పట్లు కొట్టి చూడండి, టపటపటప అని వెనక్కి వస్తుంది. మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం ముద్దవుతుంది, మాట అర్థం కాదు, హరికథ దాసుగారు గొంతు చించుకోవాలి. ఒక పక్క గోడకి పుస్తకాల అరలో, మందపాటి తెరో ఉంటే చాలు. ఖరీదైన ప్యానెళ్ళు గోడకి కొట్టొద్దు. సున్నపు గోడకి గాలి ఆడాలని పైన పెద్దలు చెప్పారు కదా.

కింద ఓ 40 మంది కూర్చుంటారనుకుంటే వీణకి కూడా చిన్న స్పీకరు ఒకటి చాలు, వోకల్‌కి అదీ అక్కర్లేదు. పెద్ద బాక్సులు తెస్తే ఉమ్మడి గోడ దాటి పక్కింట్లో మంచం ఊగుతుంది. వేదిక ఎక్కడ పెడుతున్నారు?

గోదారి_గట్టు
గాలిబావికి వెనకవైపు పెట్టి, జనాన్ని ముందు హాల్లో కూర్చోబెడదామని. మధ్యలో బావి ఖాళీ వస్తుంది. మావాళ్ళలో ఒకరు, ఆ ప్లాస్టిక్ రేకు అలాగే ఉంచి ఏసీ పెట్టేద్దాం, అక్కడ కూడా ఇంకో 20 కుర్చీలు పడతాయి అంటున్నారు.

నీలిగీత
వద్దు, వద్దు. ఆ రేకు ముందు తీసేయండి. ఇల్లు ఊపిరి పీల్చేది అక్కడినుంచే. వేడిగాలి అందులోంచి పైకి పోతే ముందునుంచీ వెనకనుంచీ చల్లగాలి వస్తుంది. రేకు కింద వేడి నిలిచి ఏసీ కూడా చాలదు. తలుపుల రెక్కలు, కిటికీల చెక్క పలకల సందుల్లోంచి చల్లదనం పోతూనే ఉంటుంది, చల్లబడ్డ గోడ మీద బయటి తేమ చెమటలా పడుతుంది. బూజు గ్యారంటీ. మౌనంగా తిరిగే ఫ్యాన్లు కొనండి.

వాన పడితే చప్పుడు వస్తుంది, నిజమే. పెనాంగ్‌లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సాయంత్రాలు నమ్మలేం. ఆ నెలల్లో కచేరీలు పొద్దున పెట్టుకోండి. బావి అడుగున నీళ్ళు పోయే తూము మాత్రం ఈ వారమే శుభ్రం చేయించండి. 2017 నవంబరు వరదల్లో తూములు బాగున్న ఇళ్ళకీ లేనివాటికీ తేడా చూశాను.

ఎదురుగాలి
సరే, ప్రశ్న మార్చి అడుగుతాను. నెలకి మూడు కార్యక్రమాలు, ఒక్కోదానికి 40 మంది. అద్దె ఎలా కడతారు? మూడో నెలకి కింద కాపుచినో మిషన్ వస్తుంది, ఆరో నెలకి పెళ్ళి ఫొటోషూట్లు. వద్దనను, కానీ ముందే ఒప్పుకోండి.

టీ_సమోసా (హైదరాబాద్)
ఇందులో నాకు కాస్త అనుభవం ఉంది. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచి ఒక ఇంట్లో నడుస్తోంది. షాప్‌హౌస్ కాదు, రాతి బండలు, చెట్టు ఉన్న ఇల్లు. నాటకం, కవిత్వం, సంగీతం, చర్చలు, టీ, సమోసా. జనం టీ కోసం వచ్చి కార్యక్రమం చూస్తారు, కార్యక్రమం కోసం వచ్చి టీ తాగుతారు. క్యాంటీన్ ఉంటే తప్పేమీ కాదు, ధర ఎవరికి అందేలా పెట్టారన్నదే చూడాలి. ఇంకో సంగతి, పగలు ఖాళీగా ఉంచొద్దు. వీణ క్లాసు, పిల్లల తెలుగు బడి, పక్కింటి చైనీస్ అవ్వలు మా-జాంగ్ ఆడుకోవడానికి ఒక బల్ల. అద్దెలో సగం క్లాసుల నుంచే వస్తుంది. వీధివాళ్ళకి ఒరిగేదేమిటి అన్న ప్రశ్నకి కూడా కొంత జవాబు దొరుకుతుంది.

ఎదురుగాలి
మా-జాంగ్ బల్ల సంగతి నచ్చింది. ఆర్మేనియన్ స్ట్రీట్‌లో తియోచ్యూ అనే చైనీస్ వర్గపు బొమ్మలాటవాళ్ళు ఒక షాప్‌హౌస్‌లో బొమ్మలు ప్రదర్శించి ఆడించడం చూశాను, అది ఆ మనుషుల సొంత కళ, సొంత చోటు. వాళ్ళని పిలిచి మీ ఇంట్లో ఆడించండి, మీ అనంతపురం తోలుబొమ్మలవాళ్ళు ఎప్పుడైనా వస్తే పక్కపక్కన పెట్టండి. అప్పుడు నేనే టికెట్ కొంటాను.

చర్చ_నిర్వాహకుడు
నిర్మాణ సంస్థల పేర్లు, ఫోను నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తొలగించాను. ప్రైవేటు మెసేజ్‌లో పంపుకోండి.

గోదారి_గట్టు
కొంత ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో చాలా జరిగింది.

జులై 7 వదిలేశాం. సిమెంటు మొత్తం చేత్తో పీకించాం. లోపల ఇటుక చెయ్యి పెడితే తడిగా తగిలింది. ఇంజనీరు వచ్చి దూలాల చివరలు చూశారు. వెనక భాగంలో నాలుగు పుచ్చాయి, ముందు గదిలో అన్నీ గట్టివే. పుచ్చిన చోట మాత్రమే కోసి కొత్త చెంగల్ ముక్క అతికి బోల్టులు వేస్తారట, మొత్తం దూలం మార్చక్కర్లేదు. పై అంతస్తుకి పదిహేను మంది అన్నారు, దూలం_లెక్క గారు చెప్పిన అంకే!

ఓనర్లతో మాట్లాడితే తొమ్మిదేళ్ళకి ఒప్పుకున్నారు, మూడేళ్ళకోసారి అద్దె సవరింపు, ఎంత పెంచవచ్చో ముందే రాసుకున్నాం. పైకప్పు, దూలాలు వాళ్ళ ఖర్చు. గార, కరెంటు, టాయిలెట్లు మావి. కరెంటు తీగలు గోడలో గాడి కొట్టకుండా పైన పైపుల్లో తీసుకెళ్తున్నాం.

బొంబా వాళ్ళు ముందు తలుపులు బయటికి తెరుచుకోవాలన్నారు. పాత తలుపులు లోపలికి తెరుచుకుంటాయి, వాటిని మార్చకూడదని వారసత్వ విభాగం. రెండు వారాలు నలిగాక కుదిరింది: కార్యక్రమం జరిగినంతసేపూ ముందు తలుపులు బార్లా తెరిచి గొళ్ళెం వేసి ఉంచాలి, వెనక సందులోకి కొత్త తలుపు బయటికి తెరుచుకునేలా. కింద 45 మందికే అనుమతి అడుగుతున్నాం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. గోడ ఇంకా ఆరలేదు, ఇటుక కనబడుతోంది. ఇలాగే కార్యక్రమాలు మొదలుపెట్టవచ్చా? నాట్యానికి కింద నేల ఎలా? పాత ఎర్ర మట్టి పలకలు, వాటి మీద పాదం కొడితే పలక పగులుతుందో మడమ పగులుతుందో తెలియదు.

డంగుసున్నం
మొదలుపెట్టుకో, ఇటుకకి సిగ్గేం లేదు. గోడవార జానెడు ఎడం వదిలి చెక్క బెంచీలు ఎయ్యి, ఉప్పు పొడి పట్టుచీరలకి అంటకుండా. ఆరినాక గార ఒకేసారి మందంగా కొట్టొద్దు. పొరకి 10 మి.మీ., ఆరీ ఆరకుండా తడుపుతూ కొన్నాళ్ళు ఆగి మళ్ళా పొర. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్ళీ రాయి అవుతుంది, దానికి టైము కావాల. మేమైతే డంగులో నలిపిన సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్ళు కలుపుతాం. మీ దగ్గర ఏం కలిపారో పాత గార ముక్క ల్యాబుకి పంపి తెలుసుకో, దాని పాళ్ళే పట్టు. పైన రంగు సున్నమే, ప్లాస్టిక్ పెయింటు కొడితే నేను పెనాంగ్ వచ్చి తంతా.

తనియావర్తనం
నాట్యానికి విడదీసే చెక్క వేదిక చేయించండి. కింద రబ్బరు మెత్తలు, పైన ప్లైవుడ్ రెండు పొరలు, మేకులు నేలలోకి దిగకూడదు. ముక్కలు ఇద్దరు మోయగలిగే సైజులో ఉండాలి, వెనక తలుపులోంచి పట్టాలి. కూచిపూడి అమ్మాయిల మోకాళ్ళు మీకు దండం పెడతాయి.

బాగన్_దాతో_పిన్ని
టాయిలెట్లు మీ ఖర్చు అన్నావు, ఎక్కడ కడుతున్నావు? నాలాంటివాళ్ళు మెట్లెక్కి పైకి పోలేరు.

గోదారి_గట్టు
కిందే పిన్నీ, వంటగది వెనకాల. రెండు. ఒకటి చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు. గడప దగ్గర ఎత్తు తేడా ఉంది, దానికి తీసి పెట్టే చెక్క వాలు చేయిస్తున్నాం.

పైకప్పుకి పెంకులు దొరకడం కష్టంగా ఉంది. ఇవి మన మంగళూరు పెంకులు కావు, చైనా పద్ధతి సన్న పెంకులు, రెండు వరుసలుగా పరుస్తారు. పగిలినవి దాదాపు మూడోవంతు. ఎవరైనా పాతవి దించుతుంటే చెప్పండి.

నీలిగీత
కొత్తవి పాతవాటితో కలిపి ఒకే వాలు మీద వేయకండి, కొలత మిల్లీమీటరు తేడా ఉన్నా నీరు కారుతుంది. బాగున్న పాతవన్నీ ముందు వాలుకి, కొత్తవి వెనక వాలుకి. మలక్కాలో ఒక ఇల్లు వచ్చే నెల కప్పు దించుతోంది, ఓనరుని అడిగి మీకు మెసేజ్ పెడతాను. లారీ మీరే చూసుకోవాలి.

గోదారి_గట్టు
లారీ ఉంది. ఎన్ని ఉంటే అన్నీ తీసుకుంటాం.